ఎక్స్‌పెక్టొరెంట్‌లో ఉన్నది ఆశ కాదు, ఛాతీ

ప్రశ్న: మా అత్తగారికి అరవై రెండేళ్ళు. మూడు వారాలుగా దగ్గు తగ్గడం లేదు. డాక్టరుగారు ఒక సిరప్ రాసిచ్చి, తెమడ పరీక్ష చేయించమన్నారు. సీసా మీద ‘ఎక్స్‌పెక్టొరెంట్’ అని ఉంది. ల్యాబు చీటీ మీద ‘ఎక్స్‌పెక్టొరేటెడ్ స్పుటమ్’ అని రాశారు. డిగ్రీ చదువుతున్న మా మరిది ‘ఎక్స్‌పెక్ట్ అంటే ఎదురుచూడటం కదా, రాబోయే కఫం అన్నమాట’ అని తేల్చేశాడు. నాకు నమ్మకం కుదరలేదు. అసలు ఆ మాట ఎక్కడిది? కఫం, శ్లేష్మం, తెమడ, గళ్ళ అన్నీ ఒకటేనా? అత్తగారు ఇచ్చిన మొదటి నమూనాను ‘ఇది ఉమ్మి, పనికిరాదు’ అని ల్యాబు వాళ్ళు తిప్పి పంపారు. ఎందుకు? మూడేళ్ళ మా బాబుకు కూడా రెండు రోజులుగా దగ్గు. అదే సిరప్ అర చెంచా పట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. బాబుకు ఆ సిరప్ పట్టకండి. కారణాలు తర్వాత చెబుతాను. మిగిలినవి తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ మరిది ఊహ తప్పే గాని, తీసిపారేయదగ్గది కాదు. ఆ రెండు మాటలూ లాటిన్ నుంచి వచ్చినవే, మొదలు కూడా ఒకేలా కనిపిస్తుంది. ‘ఎక్స్’ అంటే లోపలి నుంచి బయటికి అని అర్థం. చిక్కంతా దాని తర్వాత వచ్చే ముక్కలో ఉంది. ఎక్స్‌పెక్ట్‌లో ఉన్నది ‘స్పెక్టారే’, అంటే చూడటం. గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తూ ఉండటమే ఎదురుచూపు. లాటిన్‌లో ఆ మాటను ‘ఎక్స్‌స్పెక్టారే’ అని రెండో సకారంతో కూడా రాసేవారు. ‘క్స’లో సకారం ఎలాగూ పలుకుతుంది కనుక రెండోది రాలిపోయింది. కళ్ళకు పెట్టుకునే స్పెక్టకిల్స్, పోలీసు ఇన్‌స్పెక్టర్ దాని చుట్టాలు.

మీ సీసా మీది మాటది వేరే ఇల్లు. లాటిన్‌లో ‘పెక్టస్’ అంటే ఛాతీ. షష్ఠీ విభక్తిలో అది ‘పెక్టోరిస్’ అవుతుంది. ముందు ‘ఎక్స్’ చేరిస్తే ఛాతీలోంచి బయటికి పంపడం అనే క్రియ పుడుతుంది. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పిని యాంజైనా అంటారని మీరు వినే ఉంటారు. దాని పూర్తి పేరు యాంజైనా పెక్టోరిస్. 1768లో లండన్‌లో విలియం హెబెర్డెన్ అనే వైద్యుడు తోటి వైద్యుల ముందు వర్ణించి పెట్టిన పేరు అది. చేపకు మొప్పల వెనక ఇరువైపులా ఉండే రెక్కలను జంతుశాస్త్రంలో పెక్టోరల్ ఫిన్స్ అంటారు. ఇవన్నీ ఒక కుదురువే. మీ మరిదికి ఈ మూడూ చెప్పండి, ఇక మరచిపోడు.

తమాషా ఏమిటంటే, ఈ క్రియ పుట్టినప్పుడు దానికీ దగ్గుకూ సంబంధం లేదు. క్రీస్తుపూర్వం 239 నుంచి 169 వరకు బతికిన రోమన్ కవి ఎన్నియస్ దీన్ని ఒక నాటకంలో వాడాడు. భయం తన వివేకాన్నంతటినీ మనసులోంచి తరిమేస్తోందని ఒక పాత్ర మొత్తుకుంటుంది. ఆ నాటకం మనకు దక్కలేదు. రోమన్ వక్త సిసిరో తన రచనలో ఉదాహరించడం వల్ల ఆ పంక్తి బతికిపోయింది. రోమన్లకు ఛాతీ అంటే ఎముకల గూడు మాత్రమే కాదు, బుద్ధీ భావమూ ఉండే చోటు కూడా. మనం ‘ఎద’ అన్నట్టే. మనసులోంచి వెళ్ళగొట్టడం అనే ఆ మాట ఊపిరితిత్తుల్లోంచి కఫం వెళ్ళగొట్టడంగా ఇంగ్లీషు వైద్య గ్రంథాల్లో స్థిరపడింది 17వ శతాబ్దంలో. తెలుగు సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. మనకు ముందు కక్కడం ఉంది, తర్వాతే ‘కోపం వెళ్ళగక్కాడు’, ‘అక్కసు వెళ్ళగక్కింది’ వచ్చాయి. వాళ్ళ మాట మనసు నుంచి ఒంటికి దిగింది, మన మాట ఒంటి నుంచి మనసుకు ఎక్కింది.

19వ శతాబ్దపు అమెరికాలో ఆ మాటకు మరో దశ పట్టింది. ‘ఉమ్మడం’ అనడానికి నామోషీ పడిన మర్యాదస్తులు దాని బదులు ‘ఎక్స్‌పెక్టొరేట్’ అనసాగారు. క్షయ భయంతో న్యూయార్క్ నగరం 1896లో బహిరంగంగా ఉమ్మడాన్ని నిషేధించింది. ఆ తర్వాతి కాలపు హెచ్చరిక బోర్డుల మీద కూడా ఈ పెద్ద మాట కనిపించేది. ఉమ్మేవాళ్ళలో ఎందరికి అర్థమైందో! మర్యాద కోసం చేసిన ఈ మార్పు వైద్యానికి మంచి చేయలేదు. ఛాతీలోంచి రావాలన్న అసలు అర్థం అందులో చెరిగిపోయింది. మీ అత్తగారి నమూనా తిరిగి రావడానికి కారణం కూడా ఆ కోవలోదే. అక్కడికి వస్తాను.

ముందు మన మాటల సంగతి. ఆయుర్వేదంలో కఫం, శ్లేష్మం పర్యాయపదాలు. వాత పిత్తాలతో పాటు మూడో దోషానికి ఈ రెండు పేర్లూ చెల్లుతాయి. కఫం అంటే నీటివల్ల వృద్ధి పొందేది అని వ్యుత్పత్తి చెబుతారు. శ్లేష్మం ‘శ్లిష్’ ధాతువు నుంచి వచ్చింది, అంటే కౌగిలించుకోవడం, అంటుకుపోవడం. ఒకే మాటకు రెండు అర్థాలు అంటుకుని ఉంటే శ్లేషాలంకారం, ఊపిరి గొట్టాలకు జిగురు అంటుకుని ఉంటే శ్లేష్మం. తెలుగు మాస్టార్లు ఈ చుట్టరికం క్లాసులో చెబితే పిల్లలు అలంకారాలు ఇంకాస్త ఇష్టంగా చదువుతారని నా ఆశ. కఫం ఒంట్లో చాలా చోట్ల ఉన్నా దాని ప్రత్యేక స్థానం ఉరస్సు, అంటే ఛాతీ అని చరక సంహిత చెబుతుంది. లాటిన్ మాటలోనూ ఛాతీయే కూర్చుని ఉంది కదా. గ్రీకుల ‘ఫ్లెగ్మా’ మాత్రం కాస్త విచిత్రమైనది. మండటం అనే ధాతువు నుంచి పుట్టి, చివరికి వాళ్ళ వైద్యంలో చల్లని, తడి గుణాలున్న ద్రవానికి పేరైంది.

శాస్త్రం మాట అది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు అంతకంటే నిక్కచ్చిగా ఉంటుంది. ముక్కులోంచి కారేది చీమిడి. నోట్లో ఊరేది ఉమ్మి. దగ్గితే ఛాతీలోంచి పైకి వచ్చి పడేది తెమడ. దాన్నే గళ్ళ అంటారు, కొన్నిచోట్ల కళ్ళె అంటారు. గొంతు గీరుకుని పైకి లాగడం కాండ్రించడం. ఎక్స్‌పెక్టొరేటెడ్ స్పుటమ్ అంటే దగ్గి తీసిన తెమడ, అంతే. ‘స్పుటమ్’ లాటిన్‌లో ఉమ్మేసినది. కాబట్టి ఇంగ్లీషు వాళ్ళు రెండు మాటలు జోడించి చెప్పేదాన్ని మన అమ్మమ్మలు ఒక్క మాటలో చెప్పేవారు. మరి ల్యాబు చీటీలో ఆ విశేషణం ఎందుకంటే, తెమడ సేకరించే దారులు వేరే కూడా ఉన్నాయి. దగ్గినా రాని రోగికి ఆసుపత్రిలో చిక్కటి ఉప్పునీటిని సన్నని తుంపరగా పీల్పించి రప్పిస్తారు. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఊపిరి గొట్టంలోకి ట్యూబు పంపి కడిగి తీసే పద్ధతీ ఉంది. ఏ దారిన వచ్చిందో తెలిస్తేనే రిపోర్టు రాసేవారు ఫలితాన్ని సరిగా తూచగలరు.

ఇప్పుడు అసలు విషయం. నేను మైక్రోబయాలజీ చెప్పిన కాలమంతా ఒక దృశ్యం చూస్తూనే ఉన్నాను. ల్యాబు కిటికీ లోపలి నుంచి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బీ ఒకటి రోగి చేతికి వస్తుంది, ‘ఉమ్మి తెండి’ అన్న ఆజ్ఞ దాని వెనకే వస్తుంది. పాపం వాళ్ళు ఉమ్మే తెస్తారు. చెప్పినట్టే చేశారు కదా! అప్పుడు లోపలివారు విసుక్కుంటారు. ఆ ఒక్క మాట ‘దగ్గి తెమడ తీయండి’ అని మారిస్తే సగం డబ్బీలు తిరిగి రావు. మీ అత్తగారి తప్పేమీ లేదని ఆమెకు గట్టిగా చెప్పండి.

ఉమ్మి ఎందుకు పనికిరాదో డబ్బీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటేనే తెలుస్తుంది. అది నీళ్ళలా పలచగా, పైన నురగతో ఉంటుంది. తెమడ చిక్కగా, జిగటగా, తెల్లగానో పసుపుగానో పలుకులు పలుకులుగా ఉంటుంది, డబ్బీ వంచితే గోడ పట్టుకుని నెమ్మదిగా జారుతుంది. సూక్ష్మదర్శినిలో తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. బుగ్గ లోపలి పొర నుంచి ఊడిన కణాలు అప్పడాల్లా వెడల్పుగా, పలచగా, మధ్యలో చిన్న చుక్కతో పరుచుకుని ఉంటాయి. ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన తెమడలో చీము కణాలు కిక్కిరిసి ఉంటాయి. న్యుమోనియా వంటి జబ్బుల్లో కల్చర్ చేసే ముందు, అంటే నమూనాలోని సూక్ష్మజీవులను పెంచి చూసే ముందు, చాలా ల్యాబుల్లో ఒక లెక్క పాటిస్తారు. తక్కువ పవరులో ఒక్క చూపు మేరలో బుగ్గ కణాలు 10 కంటే తక్కువ, చీము కణాలు 25 కంటే ఎక్కువ ఉంటే మంచి నమూనా. బుగ్గ కణాలే ఎక్కువైతే, నోట్లో సహజంగా కాపురముండే సూక్ష్మజీవులు పెరిగి లేని జబ్బును చూపిస్తాయి.

క్షయ పరీక్షకు ఈ కణాల లెక్క పెట్టరు. అక్కడ భయం వేరు, ఉన్న జబ్బు కనబడకపోవడం. స్లయిడు మీద రంగు వేసి చూసే పద్ధతిలో క్షయ సూక్ష్మజీవి కంటపడాలంటే మిల్లీలీటరు తెమడలో కనీసం 5,000 నుంచి 10,000 దాకా ఉండాలి. ఇప్పుడు ప్రభుత్వ కేంద్రాల్లో చేసే సీబీనాట్, ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలు చాలా తక్కువ సంఖ్యలో ఉన్నా పట్టుకుంటాయి. కానీ డబ్బీలోకి వచ్చింది వట్టి లాలాజలం అయితే ఎంత ఖరీదైన యంత్రమైనా ఏం చేస్తుంది?

ఇందులో ఆడవాళ్ళకు అదనపు ఇబ్బంది ఒకటి ఉంది. నలుగురిలో గట్టిగా దగ్గి, కాండ్రించి, డబ్బీలో వేయడానికి వాళ్ళు సిగ్గుపడతారు. పెద్దవాళ్ళు మరీను. పెదవి చివర్నుంచి నాజూకుగా కాస్త ఉమ్మి మూత పెట్టేస్తారు. దీని మీద పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఒక అధ్యయనం జరిగింది, 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తెమడ ఎలా తీయాలో ముందుగా ఓపిగ్గా వివరించిన మహిళల్లో 13 శాతం మందికి పరీక్షలో క్షయ బయటపడింది. మామూలుగా డబ్బీ ఇచ్చి పంపిన మహిళల్లో 8 శాతం మందికే బయటపడింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. రెండు నిమిషాల మాట తేడా! మా కాలంలో ఈ సంగతి ప్రతి ల్యాబు కిటికీ మీద రాసి అంటించి ఉంటే ఎంత బాగుండేది.

కాబట్టి రేపు పొద్దున ఆమె నిద్ర లేవగానే, కాఫీ కూడా తాగకముందే తీయించండి. రాత్రంతా పేరుకున్నది అప్పుడే పైకి వస్తుంది. కట్టుడు పళ్ళుంటే తీసేసి, మంచినీళ్ళతో నోరు పుక్కిలించాలి. ఇంట్లో వద్దు, పెరట్లోనో డాబా మీదనో, గాలి ఆడేచోట, పక్కన ఎవరూ లేకుండా నిలబడమనండి. ఎవరూ చూడటం లేదన్న ధైర్యం సగం పని చేసిపెడుతుంది. గుండె నిండా గాలి పీల్చి, క్షణం బిగబట్టి వదలాలి. అలా రెండు మూడుసార్లు చేశాక, ఆఖరిసారి పీల్చిన గాలితో పొట్ట దగ్గరి నుంచి బలంగా దగ్గాలి. గొంతు సవరించుకునే దగ్గు చాలదు. వచ్చినదాన్ని డబ్బీ పెదవుల దగ్గర పెట్టుకుని నేరుగా అందులో వేయాలి. చిన్న చెంచాడు పడితే చాలు. ఒకేసారి రాకపోతే కాసేపు కూర్చుని మళ్ళీ ప్రయత్నించమనండి. పేరు చీటీ మూత మీద కాకుండా డబ్బీ ఒంటికి అంటించండి, ల్యాబులో మూతలు తీసి పక్కన పెడతారు. ఎండ తగలకుండా వీలైనంత త్వరగా అందజేయండి. సాధారణంగా రెండు నమూనాలు అడుగుతారు. రెండోది ల్యాబు దగ్గరే అప్పటికప్పుడు ఇమ్మంటే కంగారుపడవద్దు.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా క్షయ పరీక్ష చేయించాలన్నది మన జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఉన్న నియమమే. డాక్టరుగారు ఆ చీటీ రాశారంటే జబ్బు ఖాయమైందని కాదు. ఆస్తమా, పొగ, పాత జలుబు, కొన్ని రక్తపోటు మాత్రలు కూడా ఇంత కాలం దగ్గు తెప్పిస్తాయి. ఆమె ఏవైనా మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా, అవసరమైతే మందులూ ఉచితమే. తెమడలో రక్తపు చారలు కనిపించినా, ఆయాసం వచ్చినా మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే చూపించండి. ఆకుపచ్చ రంగు చూసి బెదిరిపోనక్కర్లేదు. సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాల్లోని ఒక ఎంజైము రంగే అది. ఆ రంగు ఒక్కటీ చూసి యాంటీబయాటిక్ కొనేసేవారిని ఏమనాలో నాకు తెలియదు.

ఇక సీసా. ఎక్స్‌పెక్టొరెంట్ అంటే తెమడను బయటికి పంపడానికి సాయపడే మందు. దగ్గును ఆపే మందు కాదు. మన ఊపిరి గొట్టాల్లో పలచని జిగురు రోజూ ఊరుతూనే ఉంటుంది. కంటికి కనబడని నూగు వెంట్రుకలు దాన్ని గొంతు దాకా నెడతాయి, మనకు తెలియకుండానే మింగేస్తాం. జబ్బు చేస్తే ఆ జిగురు చిక్కబడి, నూగు నెట్టలేక, దగ్గు రంగంలోకి దిగుతుంది. కాబట్టి తెమడ పడుతున్న దగ్గును నొక్కి పెట్టడం అంత తెలివైన పని కాదు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్, కోడీన్ ఉన్న సీసాలు దగ్గును అణిచేవి. ఒకే సీసాలో అణిచేదీ తెప్పించేదీ కలిపి అమ్మినవి కూడా నేను చూశాను. ఆ జోడింపులోని తర్కం తయారుచేసినవారికే తెలియాలి.

మన దగ్గర రాసే ఎక్స్‌పెక్టొరెంట్లలో తరచుగా మూడు మందులు కలిసి ఉంటాయి. మొదటిది గ్వయిఫెనెసిన్. దాని మూలం వెస్టిండీస్ దీవుల్లో పెరిగే గ్వయకం చెట్టు. 16వ శతాబ్దంలో దాని చెక్కనూ బంకనూ యూరప్‌కు తీసుకుపోయి సుఖవ్యాధికి వాడారు, దగ్గుకు చాలా తర్వాత. రెండోది అంబ్రాక్సాల్, దీని వంశం మన పెరటిదే. ఆకు నమిలితే చేదుగా ఉండే అడ్డసరం ఉంది కదా, సంస్కృతంలో వాసా. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని నమూనాగా పెట్టుకుని జర్మనీలో బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. ఆ బ్రోమ్‌హెక్సిన్ ఒంట్లో మారి ఏర్పడేదే అంబ్రాక్సాల్. ఇది జిగురును పలచబరుస్తుంది. వాసారిష్టం తాగిన తాతగారూ ఈ సిరప్ తాగే మనవడూ దాదాపు ఒకే మొక్క దగ్గరికి వెళ్ళినట్టు. మూడోది టెర్బుటలిన్ గాని లెవోసాల్బుటమాల్ గాని. అది గొట్టాలను వెడల్పు చేస్తుంది. చేతులు వణకడం, గుండె దడ దీనివల్లే వస్తాయి. అత్తగారికి గుండె జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. చక్కెర వ్యాధి ఉంటే చక్కెర లేని సిరప్ అడగాలి. ఈ మందుల నుంచి అద్భుతాలు ఆశించకండి. గ్వయిఫెనెసిన్ మీద జరిగిన పరీక్షల్లో కొన్నిటిలో ఉపశమనం కనిపించింది, కొన్నిటిలో ఉత్త చక్కెర పాకానికీ దానికీ తేడా రాలేదు.

బాబు విషయానికి వస్తే, పెద్దల సీసాలోని మోతాదు, ముఖ్యంగా ఆ మూడో మందు, మూడేళ్ళ గుండెకు సరిపడదు. పైగా పిల్లల జలుబు దగ్గు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన తర్వాత కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక సూచన పంపింది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు ఇవ్వనే కూడదు, ఐదేళ్ళ లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరు అని. ఆ మందులో తేలింది డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

వాడికి గోరువెచ్చని నీళ్ళు, పాలు, అన్నం ఎప్పటిలాగే పెట్టండి. ఏడాది దాటినవాడే కనుక పడుకోబోయే ముందు అర చెంచా తేనె నాకించవచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, తిండి మానేసినా, జ్వరం మూడు రోజులు దాటినా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. అత్తగారి రిపోర్టు వచ్చేదాకా ఆమె దగ్గేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి, బాబును పక్కలో పడుకోబెట్టుకోకూడదు. ఒకవేళ క్షయ అని తేలితే, వాడికి దగ్గు ఉన్నా లేకపోయినా అదే ప్రభుత్వ కేంద్రంలో చూపించండి. ఇంట్లో క్షయ ఉన్నప్పుడు ఐదేళ్ళ లోపు పిల్లలకు జబ్బు లేదని నిర్ధారించుకున్నాక ముందుజాగ్రత్త మందు ఉచితంగా ఇస్తారు. అది మాత్రం ఒక్క మోతాదు కూడా మానకుండా వేయాలి.